ల్యాప్‌టాప్ చార్జ్ ఎక్కట్లేదా? కొత్త బ్యాటరీ కొనే ముందు వరసగా చూడాల్సినవి

ల్యాప్‌టాప్ చార్జ్ ఎక్కడం లేదనగానే చాలామంది చేసే మొదటి పని కొత్త బ్యాటరీకి ఆర్డర్ పెట్టడం. అది వచ్చి, బిగించి, స్విచ్ వేశాక కూడా పరిస్థితి మారకపోతే అప్పుడు చార్జర్ వైపు చూస్తారు. నా లెక్కలో ఈ వరస తలకిందులు. గోడ ప్లగ్గులోంచి బయల్దేరిన కరెంటు బ్యాటరీ దాకా చేరాలంటే అడాప్టర్, దాని వైరు, పిన్ను, ల్యాప్‌టాప్ జాక్, మదర్‌బోర్డు మీది చార్జింగ్ సర్క్యూట్ అన్నీ దాటాలి. వీటన్నిటి మీదా సాఫ్ట్‌వేర్ పెత్తనం ఒకటి. ఎక్కడ తేడా వచ్చినా బయటికి కనిపించేది మాత్రం ఒకటే: చార్జ్ ఎక్కదు. అందుకే ఊహాగానాలు మానేసి ఒక్కో భాగాన్నీ విడగొట్టి చూడాలి. ఖర్చు లేని పరీక్షలు ముందు, స్క్రూలు విప్పే పనులు ఆ తర్వాత, డబ్బు పెట్టడం అన్నిటికంటే చివర.

అన్నిటికంటే ముందు: బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి

ఇది తేల్చుకోకుండా మిగతా పరీక్షల జోలికి వెళ్లొద్దు. ల్యాప్‌టాప్‌ను మూసి చదునైన బల్ల మీద పెట్టండి. నాలుగు మూలలూ ఆనుతున్నాయా, ఒక పక్క ఊగుతోందా? మూత పూర్తిగా మూసుకుంటోందా? టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుందా, నొక్కితే క్లిక్ పడటం లేదా? కీబోర్డు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. లిథియం సెల్‌లోని ద్రావణం విడిపోయి గ్యాస్ తయారవుతుంది. అది బయటికి పోయే దారి లేక సెల్ పొంగుతుంది.

అలాంటప్పుడు చార్జర్ తీసేయండి, ల్యాప్‌టాప్ ఆపేయండి. ఇక ఆన్ చేయొద్దు. ఉబ్బును చేత్తో అదిమి సరిచేయడం, గ్యాస్ పోతుందని సూదితో గుచ్చడం ప్రాణం మీదికి తెచ్చుకునే పనులు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే షార్ట్ అయి, ఆ వేడికి పక్క సెల్స్ కూడా అంటుకుంటాయి. ల్యాప్‌టాప్‌ను మంటకు అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి, విప్పడం వచ్చినవాళ్లకు అప్పగించండి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోటే ఇవ్వాలి. పొగ గానీ, తియ్యగా ఘాటుగా ఉండే రసాయనం వాసన గానీ వస్తే ల్యాప్‌టాప్ సంగతి వదిలేసి అందరూ గదిలోంచి బయటికి వచ్చి, అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి.

ఉబ్బు లేదని తేలిందా? ఇక పనిలోకి దిగుదాం.

సమస్య ఏ రకమో తేల్చుకోండి

"చార్జింగ్ ప్రాబ్లం" అనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి. చార్జర్ పెట్టినా పెట్టకపోయినా అసలు ఆన్ కాకపోవడం ఒకటి. చార్జర్ ఉంటే నడుస్తుంది, తీయగానే టక్కున ఆగిపోతుంది, అది ఇంకొకటి. చార్జర్ పెట్టినా శాతం పెరగకపోవడం, లేదా వాడుతుంటే తగ్గుతూ పోవడం మూడోది. చార్జ్ నూటికి నూరూ ఎక్కుతుంది గానీ బ్యాకప్ రాదు. ముప్ఫై శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆఫ్ అవుతుంది.

మీది ఏదో గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ పెట్టి, గంట వదిలేయండి. ఆపి ఉంచినప్పుడు చార్జ్ ఎక్కి, వాడుతున్నప్పుడు ఎక్కకపోతే బ్యాటరీ మీద అనుమానం తగ్గించుకోవచ్చు. చార్జర్ శక్తి చాలకపోవడమో, వేడి ఎక్కువ కావడమో, సాఫ్ట్‌వేర్ అడ్డుపడటమో కారణం అయి ఉంటుంది. ఆపి ఉంచినా ఎక్కకపోతే చార్జర్, జాక్, బోర్డు, బ్యాటరీ నాలుగూ లెక్కలోకి వస్తాయి.

ఇంకో పరీక్ష: ఆన్ చేసేటప్పుడు బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు మీదే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగ్స్‌లోకి వెళ్లి, విండోస్‌లోకి పోకుండా అక్కడే కాసేపు ఉంచండి. కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10 లేదా డిలీట్ మీట నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. అక్కడ కూడా చార్జింగ్ కాకపోయినా, అక్కడ కూడా ఆగిపోయినా విండోస్‌ను, డ్రైవర్లను (ఒక్కో భాగాన్నీ విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రామ్‌లను) తిట్టుకుని లాభం లేదు. ఈ ఒక్క పరీక్ష చేస్తే అనవసరంగా విండోస్ మళ్లీ ఎక్కించే శ్రమ తప్పుతుంది.

చార్జర్ లేబుల్ చదవండి

ముందు ప్లగ్గు సంగతి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. అదే సాకెట్‌లో వేరే వస్తువు పనిచేస్తోందో లేదో చూడండి. ఇటుకలా ఉండే అడాప్టర్ పెట్టెలోకి దూరే విడి వైరు ఉంటుంది కదా, అది సగం బయటికి వచ్చి వేలాడుతుండటం మామూలే. దాన్ని గట్టిగా లోపలికి నొక్కండి.

తర్వాత అడాప్టర్ వెనక సన్నటి అక్షరాలున్న లేబుల్ చదవండి. ఇన్‌పుట్ అని 100 నుంచి 240 వోల్టులు రాసి ఉంటుంది, దాన్ని వదిలేయండి. మనకు కావాల్సింది అవుట్‌పుట్. చాలా ల్యాప్‌టాప్‌లకు 19 వోల్టులు, 19.5 వోల్టులు, లేదా 20 వోల్టులు ఉంటుంది. పక్కనే ఆంపియర్లు. రెండూ గుణిస్తే వాట్లు వస్తాయి: 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అంటే 65 వాట్లు. ఇప్పుడు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న లేబుల్ చూడండి. రెండిటిలో వోల్టులు సరిపోవాలి. ఆంపియర్లు మాత్రం అడాప్టర్‌ది ల్యాప్‌టాప్ అడిగినంత లేదా అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. ఎక్కువ ఆంపియర్ల చార్జర్ పెడితే కాలిపోతుందని భయపడేవాళ్లున్నారు. ల్యాప్‌టాప్ తనకు కావాల్సినంతే లాక్కుంటుంది, చార్జర్ బలవంతంగా ఎక్కించదు. ప్రమాదం ఉన్నది తప్పు వోల్టులతోనే.

తక్కువ వాట్ల చార్జర్ పెడితే ఏమవుతుంది? గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ పెద్ద పని చేసేటప్పుడు 130, 180 వాట్లు కూడా అడుగుతుంది. దానికి 65 వాట్ల చార్జర్ ఇస్తే లోటును బ్యాటరీ నుంచి తీసుకుంటుంది. చార్జర్ పెట్టి ఉండగానే శాతం తగ్గుతుంటే ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ. దీనికి రిపేరు అక్కర్లేదు, సరైన చార్జర్ కావాలి.

కొన్ని కంపెనీల పిన్నులో మధ్యన సూదిలాంటి సన్నటి కడ్డీ ఉంటుంది. డెల్, హెచ్‌పీ చార్జర్లలో ఇది చూడొచ్చు. దాంట్లోంచి పవర్ రాదు. "నేను ఇన్ని వాట్ల చార్జర్‌ను" అని ల్యాప్‌టాప్‌కు చెప్పుకునే లైను అది. ఆ కడ్డీ వంగినా, లోపల సన్న వైరు తెగినా, నకిలీ చార్జర్ పెట్టినా ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ చార్జ్ కాదు. పైగా ప్రాసెసర్ వేగం కూడా తగ్గించేస్తుంది. డెల్ అయితే ఆన్ చేయగానే చార్జర్ రకం గుర్తుపట్టలేకపోతున్నానని తెర మీద హెచ్చరిక చూపిస్తుంది. ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నత్తనడక నడుస్తూ, చార్జ్ కూడా ఎక్కకపోతే రెండూ ఒకే జబ్బు లక్షణాలేమో అనుకోండి.

అడాప్టర్ లైటు చెప్పే సంగతులు

చాలా అడాప్టర్లకు చిన్న లైటు ఉంటుంది. గోడకు పెట్టినా వెలగకపోతే గోడ వైపు వైరు మార్చి చూడండి, ఆ రకం వైరు చాలా పరికరాలకు ఒకటే. అప్పుడూ వెలగకపోతే అడాప్టర్ పోయినట్టే.

అసలు గమనించాల్సింది వేరే ఉంది. లైటు వెలుగుతూ ఉండి, పిన్నును ల్యాప్‌టాప్‌లో పెట్టగానే ఆరిపోతుందా? తీసేసి కాసేపు ఆగితే మళ్లీ వెలుగుతుందా? అలా అయితే ల్యాప్‌టాప్ జాక్‌లోనో బోర్డు మీదో షార్ట్ ఉందన్నమాట. అది తట్టుకోలేక అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. అదే రకం వేరే చార్జర్ దొరికితే దాంతోనూ ఒక్కసారి చూడండి. రెండూ అలాగే ఆరితే ఇక మళ్లీ మళ్లీ పెట్టి చూడొద్దు. నేరుగా బోర్డు రిపేరు తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లడమే.

వైరు విషయానికొస్తే, తెగేది దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే: పిన్నుకు అంటిన మెడ దగ్గర, ఇటుకలోంచి బయటికి వచ్చే చోట. చార్జర్ పెట్టి ఉంచి ఆ రెండు చోట్లా వైరును మెల్లగా అటూ ఇటూ వంచండి. చార్జింగ్ వచ్చి పోతూ ఉంటే లోపల తీగ తెగింది. టేపు చుట్టి నడిపించడం నాకు నచ్చని వైద్యం. సగం తెగిన తీగలోంచి మొత్తం కరెంటు పోవాల్సి వచ్చేసరికి అక్కడే వేడెక్కి కరుగుతుంది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే పని తేలిక. డీసీ వోల్టేజీకి తిప్పండి. 20 వోల్టుల స్థాయి, 200 వోల్టుల స్థాయి అని విడిగా ఉంటే 200 ఎంచుకోండి, 20 దాటగానే చిన్న స్థాయి చేతులెత్తేస్తుంది. గుండ్రటి పిన్ను లోపలి గోడకు ఎర్ర ప్రోబ్, బయటి గోడకు నల్ల ప్రోబ్ ఆనించండి. రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. లేబుల్ మీద ఉన్న అంకెకు దగ్గరగా, నిలకడగా రావాలి. 19.5 రావాల్సిన చోట 12 వచ్చినా, అంకె ఎగిరెగిరి పడుతున్నా చార్జర్ మార్చాల్సిందే. ఒక్క చిక్కేమిటంటే, మల్టీమీటర్ చార్జర్ మీద బరువేమీ వేయదు. ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించే చార్జరే ల్యాప్‌టాప్ లాగేటప్పుడు కుప్పకూలొచ్చు. కాబట్టి మల్టీమీటర్ "పోయింది" అంటే నమ్మండి, "బాగుంది" అంటే సగమే నమ్మండి.

టైప్-సి చార్జర్ అయితే దారి వేరు

పైన చెప్పిన మల్టీమీటర్ పరీక్ష టైప్-సికి పనికిరాదు. అది ఎదుటి పరికరంతో మాట్లాడకుండా 20 వోల్టులు వదలదు. ముందు 5 వోల్టులతో మొదలై, ల్యాప్‌టాప్ అడిగితే 9, 15, 20కి పెరుగుతుంది. ఈ బేరసారాల పద్ధతి పేరే పవర్ డెలివరీ. దీన్ని కొలవడానికి మధ్యలో పెట్టే చిన్న టైప్-సి పవర్ మీటర్లు దొరుకుతాయి. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో అవి నేరుగా చూపిస్తాయి.

ఇక్కడ దోషి ఎక్కువగా కేబులే. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. మామూలు కేబుల్ 3 ఆంపియర్లు మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 100 వాట్లు కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. 2021లో వచ్చిన కొత్త ప్రమాణం 240 వాట్ల దాకా అనుమతిస్తుంది గానీ, చార్జర్, కేబుల్, ల్యాప్‌టాప్ మూడూ దానికి తగ్గవే అయి ఉండాలి. ఫోన్ చార్జర్ పెడితే "నెమ్మదిగా చార్జ్ అవుతోంది" అనే సందేశం రావడానికి కారణం కూడా వాట్లు చాలకపోవడమే.

ల్యాప్‌టాప్‌కు రెండు మూడు టైప్-సి పోర్టులున్నా అన్నిట్లోనూ చార్జింగ్ ఉండాలని లేదు. పోర్టు పక్కన ప్లగ్గు బొమ్మ గానీ బ్యాటరీ బొమ్మ గానీ ఉందేమో చూడండి. ఒక పోర్టు పనిచేయకపోతే రెండోది ప్రయత్నించండి. టార్చి వేసి లోపలికి చూస్తే దుమ్ము పీచు పేరుకుని కనిపించొచ్చు. ల్యాప్‌టాప్ ఆపేసి, చార్జర్ తీసి, చెక్క పుల్లతో మెల్లగా లాగండి. పిన్నీసులు, సూదులు వాడొద్దు.

జాక్ లూజైందా?

గుండ్రటి పిన్ను జాక్‌లో పెట్టి వేలితో కొద్దిగా కదపండి. కాస్త కదలిక మామూలే. కానీ ఒక కోణంలో పట్టుకుంటేనే చార్జ్ అవుతుంటే, జాక్ మొత్తం పిన్నుతో పాటు లోపల ఊగుతుంటే, పెట్టేటప్పుడు చిటపటమంటుంటే, ఆ ప్రాంతం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అది జాక్ సమస్య. పుస్తకాలు ఆనించి, రబ్బరు బ్యాండ్లు కట్టి నెట్టుకురావడం కొన్నాళ్లు నడుస్తుంది గానీ, ఆ వదులు కాంటాక్ట్ దగ్గర పుట్టే వేడికి చివరికి బోర్డే నల్లబడుతుంది.

అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ మోడల్‌లో జాక్ చిన్న వైరుతో బోర్డుకు తగిలించి ఉంటుందా, నేరుగా బోర్డు మీద సోల్డర్ చేసి ఉంటుందా? మొదటి రకమైతే ప్లగ్గు పీకి కొత్తది పెట్టడమే, చిన్న పని. రెండోదైతే సోల్డరింగ్‌లో చేయి తిరిగినవాళ్లకే ఇవ్వాలి.

అసలు ఆన్ కాకపోతే

ముందు నిజంగా ఆన్ కావట్లేదా, తెర మాత్రమే రావట్లేదా చూసుకోండి. పవర్ బటన్ నొక్కాక ఫ్యాన్ చప్పుడు వస్తోందా? క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా? అలా అయితే ల్యాప్‌టాప్ బతికే ఉంది, పోయింది డిస్‌ప్లే. టార్చిని తెరకు ఏటవాలుగా కొట్టి చూడండి, మసకగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్ సమస్య. దీనికీ బ్యాటరీకీ సంబంధం లేదు.

నిజంగానే చలనం లేకపోతే ఇలా చేయండి. చార్జర్ తీసేయండి. మౌస్, పెన్‌డ్రైవ్, మానిటర్ అన్నీ పీకేయండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే అదీ తీసేయండి. ఇప్పుడు పవర్ బటన్‌ను ముప్ఫై సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. వదిలి, బ్యాటరీ పెట్టకుండానే చార్జర్ మాత్రం పెట్టి ఆన్ చేయండి. ఆన్ అయితే బ్యాటరీ మీద అనుమానం పెట్టుకోవచ్చు. లోపలే ఉండే బ్యాటరీ అయితే తీయకుండానే బటన్ నొక్కి పట్టండి. కొన్ని థింక్‌ప్యాడ్ మోడళ్లకు అడుగున గుండుసూది దూరేంత రంధ్రం ఉంటుంది, లోపల రీసెట్ బటన్. చార్జర్ తీసి, పేపర్ క్లిప్ కొసతో దాన్ని కొన్ని సెకన్లు నొక్కాలి.

ఇది మంత్రమేమీ కాదు. పవర్‌ను నియంత్రించే చిన్న కంట్రోలర్ ఒకటి ల్యాప్‌టాప్ ఆపినా నిద్రపోదు. అది ఎక్కడో చిక్కుపడితే, మిగిలిన కాస్త కరెంటూ ఖాళీ అయితే గానీ మొదటి నుంచి మొదలవదు. పాత ఇంటెల్ మ్యాక్‌లలో దీనికే ఎస్ఎంసీ రీసెట్ అనే ప్రత్యేక పద్ధతి ఉండేది. యాపిల్ సొంత చిప్ ఉన్నవాటిలో అది లేదు, మామూలుగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు.

నెలల తరబడి మూలన పడేసిన ల్యాప్‌టాప్ అయితే సెల్స్ బాగా అడుగంటి ఉంటాయి. దెబ్బతినకుండా లోపలి రక్షణ సర్క్యూట్ వాటిని మూసేస్తుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన చార్జర్ పెట్టి కొన్ని గంటలు కదపకుండా వదిలేయండి. మొదట సన్నటి ధారగా ఎక్కి, ఆ తర్వాత మామూలు వేగం అందుకోవచ్చు. సెల్స్‌కు నేరుగా వైర్లు తగిలించి బతికించే వీడియోలు చూసి ఎవరూ ఆ పని చేయకండి.

"ప్లగ్ పెట్టారు, చార్జ్ కావడం లేదు" అంటుంటే

సగం మంది కంగారుపడే ఈ సందేశం చాలాసార్లు జబ్బే కాదు. 60 దగ్గరో 80 దగ్గరో కచ్చితంగా ఆగిపోతుంటే ల్యాప్‌టాప్ కావాలనే ఆపుతోంది. లెనోవో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ అని, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్ అని, డెల్, హెచ్‌పీల్లో బయోస్ సెట్టింగ్‌గా ఈ పరిమితి ఉంటుంది. ఎప్పుడూ నిండుగా ఉంటే బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుంది కాబట్టి పెట్టిన ఏర్పాటు అది. రోజంతా ప్లగ్గుకే తగిలించి వాడేవాళ్లు దాన్ని ఆన్‌లోనే ఉంచుకోవడం మేలు. ప్రయాణానికి ముందు రోజు తీసేస్తే సరి.

అలాంటి పరిమితి లేకుండానే ఆగిపోతే వేడి చూడండి. సెల్ సుమారు 45 డిగ్రీలు దాటినా, సున్నా డిగ్రీల కంటే తగ్గినా సాధారణంగా ల్యాప్‌టాప్ చార్జింగ్ ఆపేస్తుంది. పరుపు మీద పెట్టి వాడుతూ గాలి దారులు మూసుకుపోతే ఇలా జరుగుతుంది. బల్ల మీదికి మార్చి అరగంట చల్లారనివ్వండి.

ఆ తర్వాత డ్రైవరు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బ్యాటరీస్ కింద ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అన్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి, ముప్ఫై సెకన్ల బటన్ పద్ధతి ఇంకోసారి చేసి, ఆన్ చేయండి. విండోస్ దాన్ని తనంతట తానే మళ్లీ ఎక్కించుకుంటుంది. కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు బయోస్ అప్‌డేట్ ఉందేమో కూడా చూడండి, చార్జింగ్ లోపాలు వాటితో సరిచేసిన సందర్భాలున్నాయి. కానీ చార్జింగ్ వచ్చి పోతూ ఉన్నప్పుడు బయోస్ అప్‌డేట్ మొదలుపెట్టకండి. మధ్యలో పవర్ పోతే బోర్డే మూగబోతుంది.

బ్యాకప్ రాకపోతే: బ్యాటరీ ఆరోగ్యం అంకెల్లో

ఇక్కడ మాత్రం అసలు అనుమానితుడు బ్యాటరీయే, సాక్ష్యం కూడా ల్యాప్‌టాప్‌లోనే దొరుకుతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్ అని రాసి, ఆ వెంటే ఖాళీ లేకుండా సీ, ఎఫ్, జీ అక్షరాలు కలపండి. ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అన్న రెండు మాటలనూ కలిపి రాసి ఎంటర్ కొట్టండి. రిపోర్టు ఏ ఫోల్డర్‌లో దాచిందో అక్కడే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

పైన ఇన్‌స్టాల్డ్ బ్యాటరీస్ అనే భాగంలో రెండు అంకెలు కావాలి. డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో పట్టిన చార్జ్, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిండుగా పట్టేది. మొదటిది 50,000 మిల్లీవాట్-అవర్, రెండోది 31,500 అనుకోండి. భాగిస్తే 63 శాతం. అంటే మీ తెర మీద నూరు శాతం అని కనిపించేది నిజానికి కొత్త బ్యాటరీలో 63 శాతమే. ల్యాప్‌టాప్ గంటకు సగటున 10 వాట్-అవర్ ఖర్చు పెడుతుంటే, కొత్తలో 5 గంటలు వచ్చింది ఇప్పుడు 3 గంటలకు కాస్త పైన వస్తుంది. 80 పైన ఉంటే బ్యాటరీని వదిలేసి వాడకం వైపు చూడండి. 60 కిందికి వస్తే నేనైతే మార్చే ఆలోచన చేస్తాను. రిపోర్టులో సైకిల్ కౌంట్ కూడా ఉంటే చూడండి. ఒక సైకిల్ అంటే మొత్తం కలిపి నూరు శాతం వాడటం. ఇవాళ సగం, రేపు సగం వాడితే ఒక సైకిల్.

మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్ కింద బ్యాటరీలో ఆరోగ్యం శాతం కనిపిస్తుంది. ఇప్పటి మ్యాక్‌బుక్ బ్యాటరీలను 1000 సైకిళ్ల దాకా 80 శాతం సామర్థ్యం నిలిచేలా తయారుచేస్తామని యాపిల్ చెబుతుంది. లినక్స్ వాడేవాళ్లకు యుపవర్ అనే ఆదేశం ఇవే అంకెలు ఇస్తుంది.

ఆరోగ్యం బాగుండి కూడా బ్యాకప్ రాకపోతే ఎక్కడో కారుతోందన్నమాట. తెర వెలుతురు పెద్ద తిండిపోతుల్లో ఒకటి, ముందు దాన్ని తగ్గించండి. విండోస్ సెట్టింగ్స్‌లో పవర్ అండ్ బ్యాటరీ కింద ఏ ప్రోగ్రామ్ ఎంత తింటోందో జాబితా ఉంటుంది. మూత మూసి రాత్రి బ్యాగులో పెడితే ఉదయానికి సగం అయిపోతోందా? ఇప్పటి ల్యాప్‌టాప్‌ల స్లీప్ ఫోన్ నిద్రలాంటిది, నెట్ కోసం మధ్యమధ్యలో లేస్తుంటుంది. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే హైబర్నేట్ (తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి ఆగిపోవడం) అయ్యేలా మార్చండి. పూర్తిగా ఆపినా తగ్గుతుంటే, ఆపి ఉన్నప్పుడు కూడా ఫోన్లు చార్జ్ చేసే యూఎస్‌బీ పోర్టు సదుపాయం ఉందేమో బయోస్‌లో చూసి ఆపేయండి.

ముప్ఫై దగ్గర ఉండి ఉన్నట్టుండి ఆఫ్ అయితే

దీనికి రెండు కారణాలు. బ్యాటరీలోని లెక్కల చిప్ దారి తప్పి ఉండొచ్చు, లేదా వరసలో ఉన్న సెల్స్‌లో ఒకటి బలహీనపడి మిగతావాటినీ లాగేస్తుండొచ్చు. లెక్క సరిచేయడం ముందు ప్రయత్నించండి: నూరు దాకా చార్జ్ చేసి, రెండు గంటలు అలాగే ప్లగ్గుకు ఉంచి, ఆ తర్వాత చార్జర్ తీసి తనంతట తాను ఆగిపోయేదాకా వాడి, మళ్లీ ఆపకుండా నూరు దాకా ఎక్కించండి. శాతం కుదురుకుంటే సరే. మళ్లీ అలాగే పడిపోతే సెల్ పోయింది, బ్యాటరీ మార్చాల్సిందే.

ఈ పనిని ప్రతి వారం చేయకండి. పూర్తిగా ఖాళీ చేసి నింపాలన్న సలహా నికెల్-క్యాడ్మియం బ్యాటరీల నాటిది. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం-అయాన్ రకానికి అది మేలు కంటే కీడే చేస్తుంది. వీటికి 20, 80 మధ్య తిరగడమే హాయి.

చార్జర్ పెట్టి ఉండగా కూడా ఆగిపోతుంటే ఫ్యాన్ తిరుగుతోందా, దుమ్ము పట్టిందా చూడండి. అది చాలాసార్లు వేడి వల్ల వచ్చే సమస్య.

తాకితే జిమ్మంటుంటే

లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్‌ను చార్జ్ చేస్తూ తాకితే సన్నగా జివ్వుమనిపించడం చాలామంది చూసే ఉంటారు. అడాప్టర్‌లో రేడియో అలజడిని తగ్గించే కెపాసిటర్ల గుండా వచ్చే అతి చిన్న లీకేజీ అది. మూడు పిన్నుల వైరు వాడి, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న సాకెట్‌లో పెడితే పోతుంది. గట్టిగా షాక్ కొడితే మాత్రం ఆ చార్జర్‌ను ఇంకెప్పుడూ వాడొద్దు.

బ్యాటరీ మార్చాల్సి వస్తే

ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి కొనొద్దు. ఒకే మోడల్‌కు రెండు మూడు రకాల బ్యాటరీలు పెట్టి అమ్ముతారు. పాతది తీసి దాని మీది పార్ట్ నంబరు, వోల్టులు, వాట్-అవర్ చూసి కొనండి. లిథియం సెల్ మామూలు వోల్టేజీ 3.6 లేదా 3.7, కాబట్టి మూడు సెల్స్ వరస 10.8 లేదా 11.1 అవుతుంది. ఈ రెండూ ఒకటే వర్గం. 11.1 ఉన్నచోట 14.8 మాత్రం పెట్టకూడదు. వాట్-అవర్ పాతదాని కంటే ఎక్కువున్నా ఫరవాలేదు, చోటు పడితే చాలు. అన్నట్టు, పెద్ద పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు కూడా 99 దగ్గరే ఆగిపోతాయి. విమానంలో అనుమతి అడగకుండా తీసుకెళ్లగల హద్దు 100 వాట్-అవర్ కావడమే దానికి కారణం.

మీరే మార్చుకోవాలనుకుంటే పాత బ్యాటరీని 25 శాతం కిందికి దించి, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ తీసేయండి. అడుగు మూత స్క్రూలు పొడవు తేడాగా ఉంటాయి, ఏది ఎక్కడిదో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మూత తెరవగానే ముందు బోర్డు నుంచి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, మిగతా ఏదైనా ఆ తర్వాతే. వైర్లు పట్టి లాగొద్దు, ప్లాస్టిక్ పరికరంతో కనెక్టర్‌ను పక్కల నుంచి కదుపుతూ తీయండి. జిగురుతో అతికించిన బ్యాటరీ అయితే స్క్రూడ్రైవర్‌తో పెకలించే పని పెట్టుకోవద్దు, వంగితే షార్ట్ అవుతుంది. అలాంటిది రిపేరు వాళ్లకు వదిలేయడమే మంచిది.

రిపేరుకు ఇచ్చేటప్పుడు

"చార్జ్ కావట్లేదు" అని మాత్రం చెప్పి ఇచ్చి రాకండి. ఏయే చార్జర్లతో చూశారో, పిన్ను పెట్టగానే లైటు ఆరుతోందో లేదో, బయోస్‌లో కూడా అలాగే ఉందో, రిపోర్టులో ఎంత శాతం వచ్చిందో చెప్పండి. మీద ఎప్పుడైనా నీళ్లో టీయో ఒలికితే దాచకుండా చెప్పండి, ఆరిపోయినట్టు కనిపించినా లోపల బోర్డు తుప్పు పడుతూనే ఉంటుంది. మదర్‌బోర్డు మొత్తం మార్చాలంటే, చార్జింగ్ చిప్ వరకు మార్చి చూసే వీలుందేమో అడగండి. ముఖ్యమైన ఫైళ్ల కాపీ ముందే తీసుకోండి. ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోతే, డిస్క్ విడిగా తీసే రకమైతే దాన్ని తీసి మీ దగ్గరే ఉంచుకుని మిగతాది ఇవ్వండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే మీ చార్జర్ పెట్టి, శాతం రెండు మూడు అంకెలు పెరిగేదాకా ఆగి, చార్జర్ తీసి కూడా నడుస్తోందో చూసుకుని, మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి.